మారితే మనసు కూడా మారుతుందా? ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయంలో కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

రెడ్డిగూడెం: మామిడి సీజన్‌లో రెడ్డిగూడెం, నూజివీడు చుట్టుపక్కల అంగళ్ల దగ్గరికి చప్పట్లు కొడుతూ హిజ్రాలు రావడం జనానికి కొత్తేమీ కాదు. పదో పరకో చేతిలో పెట్టి పంపించేస్తారు. అదే మార్పు సొంత ఇంట్లో బిడ్డలో కనిపిస్తే మాత్రం ఇల్లంతా తలకిందులైపోతుంది. అప్పుడు అమ్మానాన్నలు గట్టిగా అడగలేక లోలోపల నలిగిపోయే ప్రశ్న ఒకటి ఉంది. "మావాడు అమ్మాయినంటున్నాడు. మరి వాడికి ఎవరంటే ఇష్టం? రేపు ఆపరేషన్ అయితే ఆ ఇష్టం కూడా మారిపోతుందా? లేకపోతే ఇప్పుడే నికాహ్ చేసేస్తే దారిలో పడతాడా?"

సిగ్గుపడి దాచుకునే ప్రశ్న కాదిది. దీనికి తప్పు జవాబు అనుకుని కొన్ని ఇళ్లలో పెళ్లిళ్లు చేసేస్తారు. దాంతో బిడ్డతో పాటు ఏ పాపం తెలియని ఇంకో ఇంటి పిల్ల బతుకు కూడా చిక్కుల్లో పడుతుంది.

రెండు వేర్వేరు ప్రశ్నలు

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. 'నేను ఆడా, మగా?' అనేది ఒక ప్రశ్న. 'నాకు ఎవరంటే ఆకర్షణ?' అనేది ఇంకో ప్రశ్న. మొదటిదాన్ని లింగ గుర్తింపు అంటారు, రెండోదాన్ని లైంగిక ఆసక్తి అంటారు. మనం మాట్లాడుకునేటప్పుడు రెండింటినీ కలిపేస్తాం. అమ్మాయిలా నడిచే అబ్బాయిని చూడగానే 'వాడికి మగవాళ్లంటే ఇష్టం' అని తీర్పు చెప్పేస్తాం. అది నిజం కావొచ్చు, కాకపోనూవచ్చు.

ట్రాన్స్‌జెండర్లకు మూడో లింగంగా గుర్తింపు ఇస్తూ 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన 'నల్సా' తీర్పులోనూ ఈ రెండింటినీ విడివిడిగానే వివరించారు. ట్రాన్స్‌జెండర్లలో ఆడవారిని ఇష్టపడేవారు, మగవారిని ఇష్టపడేవారు, ఇద్దరినీ ఇష్టపడేవారు, అసలు ఎవరి మీదా అలాంటి కోరిక లేనివారు కూడా ఉంటారు. అమెరికాలో 2015లో 27 వేల మందికి పైగా ట్రాన్స్‌జెండర్లతో జరిగిన పెద్ద సర్వేలో దాదాపు 10 శాతం మంది తమకు అలాంటి ఆసక్తే లేదని చెప్పారు.

మనిషి అదే, పేరు మారుతుంది

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. ఉదాహరణకు, అబ్బాయిగా పెరిగిన ఒక బిడ్డకు చిన్నప్పటి నుంచి మగపిల్లలంటేనే ఇష్టం అనుకుందాం. ఊరు ఆ బిడ్డను మగాడిగానే చూసినంత కాలం 'మగాడికి మగాడి మీద ఇష్టం' అంటుంది. ఆ బిడ్డే చికిత్స తీసుకుని ఆడమనిషిగా బతుకుతుంటే, అదే ఇష్టం 'ఆడమనిషికి మగాడి మీద ఇష్టం' అయిపోతుంది. మనసులో ఏమీ మారలేదు, చూసేవాళ్ల లెక్క మాత్రమే మారింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. పెళ్లై పిల్లలున్న మగాడు నలభై ఏళ్లకు తాను స్త్రీనని బయటపడవచ్చు. ఆయనకు మొదటి నుంచీ ఆడవాళ్లంటేనే ఇష్టమైతే, మార్పు తర్వాతా చాలామందిలో ఆ ఇష్టం అలాగే ఉంటుంది. ఆడపిల్లగా పెరిగి మగవాడిగా బతకాలనుకునే వారి విషయమూ అంతే. వీళ్లు హిజ్రా బృందాల్లో కనిపించరు కాబట్టి వీళ్లున్నారన్న సంగతే మన ఊళ్లలో చాలామందికి తెలియదు.

మరి నిజంగా ఆసక్తే మారేవాళ్లు లేరా? ఉన్నారు. జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు 2014లో 115 మంది అనుభవాలను ప్రచురించారు. పురుషుడి నుంచి స్త్రీగా మారినవారిలో దాదాపు మూడో వంతు మంది, స్త్రీ నుంచి పురుషుడిగా మారినవారిలో నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ మంది తమ ఆసక్తిలో మార్పు వచ్చిందని చెప్పారు. అంటే ఎక్కువ మందిలో మార్పు రాలేదు. మారినవారిలోనూ కొందరు చికిత్స మొదలు కాకముందే మార్పు వచ్చిందన్నారు. కాబట్టి అంతా హార్మోన్ల మహిమే అనడానికి లేదు. ఇన్నాళ్లూ భయంతో అణచిపెట్టుకున్నది, శరీరం తనదే అన్న నమ్మకం కలిగాక బయటకు రావడం కూడా ఒక కారణం కావొచ్చు.

హార్మోన్లు చేసేది వేరు. టెస్టోస్టెరాన్ తీసుకునేవారిలో సాధారణంగా కోరిక పెరుగుతుంది. దాన్ని తగ్గించే మందులు, ఈస్ట్రోజెన్ వాడేవారిలో మొదట్లో తగ్గుతుంది. ఇది కోరిక ఎంత అన్నదానికి సంబంధించిన విషయం. ఎవరి మీద అన్నది మందు బిళ్లతో నిర్ణయం కాదు. ఆపరేషన్‌తోనూ కాదు.

మన హైకోర్టు ఏమంది?

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి కాదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఒక ట్రాన్స్ మహిళ తన భర్త, అత్తమామలు కట్నం కోసం వేధిస్తున్నారని ఒంగోలులో ఫిర్యాదు చేశారు. ఆమెకు పిల్లలు పుట్టరు కాబట్టి ఆమె 'స్త్రీ' కాదని, 498ఏ సెక్షన్ వర్తించదని అవతలి పక్షం వాదించింది. హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. పురుషుడిని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ చట్టం ముందు స్త్రీయేనని, పిల్లల్ని కనగలగడమే స్త్రీత్వానికి కొలత కాదని చెప్పింది. ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టేసింది.

అంతకుముందు 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అదే తీర్పులో, ట్రాన్స్ మహిళ పురుషుడిని గానీ, ట్రాన్స్ పురుషుడు స్త్రీని గానీ పెళ్లాడటానికి ఇప్పుడున్న చట్టాలే చాలని స్పష్టం చేసింది. పైన చెప్పుకున్న లెక్క తేడానే కోర్టూ చూసింది.

ఇస్లామీ విద్యలో ఈ తేడా కొత్త కాదు

శరీర నిర్మాణంలోనే ఆడామగా తేలని వ్యక్తిని ఫిఖ్హ్ గ్రంథాలు 'ఖున్సా' అన్నాయి. వారి వారసత్వ వాటా, నమాజులో నిలబడే వరుస, చివరికి కఫన్ గురించి కూడా ఫుఖహాలు చర్చించారు. పుట్టుక మగవాడిదైనా నడకలో, మాటలో ఆడతనం ఉన్నవారిని 'ముఖన్నస్' అన్నారు.

సహీహ్ ముస్లింలో హజ్రత్ ఆయిషా (రజి) నుంచి వచ్చిన హదీసు ఒకటుంది. మదీనాలో ఒక ముఖన్నస్ ప్రవక్త (స) ఇంట్లోకి వస్తూ ఉండేవాడు. ఖురాన్‌లోని సూరా నూర్ 31వ ఆయతులో చెప్పిన, స్త్రీల పట్ల కోరిక లేని మగవారిలో ఒకడని ఇంటివారు అనుకున్నారు. ఒకరోజు అతను ఒక స్త్రీ శరీరాన్ని వర్ణించడం ప్రవక్త (స) విన్నారు. ఇక అతన్ని లోపలికి రానివ్వవద్దన్నారు. నడకను బట్టి కోరికను ఊహించడం పొరపాటు కావొచ్చని ఈ సంఘటన చూపిస్తుంది. ఇమామ్ నవవీ వంటి పండితులు పుట్టుకతోనే అలాంటి స్వభావం ఉన్నవారిని, కావాలని అనుకరించేవారిని వేరు చేశారు. మొదటివారి మీద ఆ స్వభావం కారణంగా నింద లేదన్నారు.

ఆపరేషన్, పెళ్లి, సంబంధాల మసాయిల్‌లో ఉలమాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఇరాన్‌లో 1980లలో ఆయతుల్లా ఖుమైనీ ఆపరేషన్‌ను అనుమతిస్తూ ఫత్వా ఇచ్చారు. సున్నీ ఉలమాల్లో ఎక్కువ మంది ఖున్సా విషయంలోనే అనుమతిస్తారు. హుకుమ్ ఏమిటన్నది తెలిసిన ఆలిమ్‌ను అడగాల్సిందే. కానీ ఆయనకు ప్రశ్నను సరిగ్గా చెప్పాలంటే, ముందు బిడ్డ చెబుతున్నది ఈ రెండింటిలో దేని గురించో మనకు అర్థం కావాలి.

పెళ్లి మందు కాదు

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అంటారు. ఇక్కడ మొదటి పొరపాటు దీన్ని పిచ్చి అనుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల నుంచి తీసేసింది. రెండోది, నికాహ్‌తో అన్నీ సర్దుకుంటాయనుకోవడం. మూడోది, 'మగవాళ్లంటే ఇష్టం కదా, ఆపరేషన్ చేయిస్తే సరి' అనుకోవడం. తాను మగవాడినే అనుకునే బిడ్డకు ఆపరేషన్ పరిష్కారం కాదు, కొత్త సమస్య.

'మార్చేస్తాం' అంటూ డబ్బులు గుంజే వైద్యుల దగ్గరికి, తాయెత్తుల వాళ్ల దగ్గరికి తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. అలాంటి 'మార్పిడి చికిత్స' చేయడం వైద్యుడి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

మరి ఏం చేయాలి? బిడ్డను ముందు కూర్చోబెట్టి వినాలి. 'నువ్వెవరు?' అన్నది ఒక రోజు, 'నీకెవరంటే ఇష్టం?' అన్నది ఇంకో రోజు. రెండోదానికి జవాబు చెప్పాలని తొందరపెట్టకూడదు, వయసులో ఉన్న పిల్లలకే అది తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. సంబంధాలు చూడటం ఆపాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే అక్కడి నుంచి సైకియాట్రిస్టు దగ్గరికి దారి చూపిస్తారు.

ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం నిజమే. కానీ ఇంట్లో వినేవాళ్లు లేకే చాలామంది పిల్లలు రాత్రికి రాత్రి విజయవాడ బస్సో, హైదరాబాద్ రైలో ఎక్కేస్తున్నారు. అలా వెళ్లిన బిడ్డ ఎవరిని ఇష్టపడినా, అమ్మ ఫోన్ కోసం మాత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది.