ఒక దారి మూసుకుపోతే... సర్వర్లలో మల్టీపాథింగ్

తెనాలి నుంచి విజయవాడకు రైలులో రెండు దారులున్నాయి. దుగ్గిరాల మీదుగా తిన్నగా వెళ్ళేది ఒకటి, గుంటూరు, మంగళగిరి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది ఇంకొకటి. దుగ్గిరాల దగ్గర పట్టాలు దెబ్బతిన్నా బాపట్ల నుంచి వచ్చే బండిని గుంటూరు వైపు మళ్ళించవచ్చు. రేపల్లెకు ఆ వీలు లేదు. తెనాలి నుంచి వచ్చే లైను అక్కడితో ఆఖరు. మధ్యలో ఎక్కడ తెగినా రేపల్లెకు రైలు లేనట్టే. ఈ మ్యాపు మనసులో ఉంచుకోండి.

వర్చువలైజేషన్ అంటే ఒక పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో విభజించి పది, ఇరవై కంప్యూటర్లుగా పనిచేయించడం. వాటి డేటా తరచు ఆ సర్వర్‌లో ఉండదు, స్టోరేజి అనే వేరే పెట్టెలో ఉంటుంది. మధ్యన ఒకటే కేబుల్ ఉండి అది ఊడిందనుకోండి, ఇరవై కంప్యూటర్లకూ ఒక్కసారే డిస్కు మాయం. వాటిలో ఒకటి ఆసుపత్రి రికార్డులది కావచ్చు, మన స్కాలర్‌షిప్ దరఖాస్తులది కావచ్చు. అదే ఆఖరు తేదీ అయితే చెప్పనక్కర్లేదు.

అందుకే సర్వర్‌కు రెండు కార్డులు, మధ్యలో రెండు స్విచ్‌లు, స్టోరేజిలో రెండు కంట్రోలర్లు పెడతారు. ఒక్కో స్విచ్‌ను రెండు కంట్రోలర్లకూ కలిపితే మొత్తం నాలుగు దారులు. ఇక్కడో తమాషా ఉంది. ఉన్న ఒక్క డిస్కూ సర్వర్‌కు నాలుగు డిస్కుల్లా కనిపిస్తుంది! వాటిని వేర్వేరు అనుకుని రాస్తే డేటా పాడవుతుంది. మల్టీపాథ్ సాఫ్ట్‌వేర్ డిస్కు గుర్తింపు సంఖ్య చూసి, నాలుగూ ఒకటేనని తేల్చి, ఒకే పేరుతో చూపిస్తుంది. లైనక్స్‌లోనూ, వీఎంవేర్‌లోనూ ఈ ఏర్పాటు ముందే ఉంటుంది.

మామూలు రోజుల్లో పనిని దారులన్నిటికీ వంతులవారీగా పంచవచ్చు. ఒక దారి పోతే ఆ పనిని మిగతావాటి మీదికి మళ్ళించడమే ఫెయిలోవర్. అది కొన్ని సెకన్లలో జరిగిపోవాలి. ఆలస్యమైతే లోపలి కంప్యూటర్లు డిస్కు చెడిపోయిందనుకుని మొరాయిస్తాయి. లైనక్స్‌లో డిస్కు జవాబు కోసం ఎదురుచూసే గడువు మామూలుగా 30 సెకన్లు.

మళ్ళించిన దారికి మోయగల శక్తి కూడా ఉండాలి. 2024 సెప్టెంబరు వరదల్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయినప్పుడు విజయవాడ–సికింద్రాబాద్ బండ్లను గుంటూరు, నడికుడి మీదుగా నడిపారు. దారి దొరికింది గానీ అందులో ఎక్కువ భాగం సింగిల్ లైను. సర్వర్లలోనూ అంతే. రెండు దారులూ 70 శాతం చొప్పున నిండి ఉంటే, ఒకటి పోయిననాడు రెండోది 140 శాతం మోయలేదు.

అసలు చూడవలసింది మరొకటుంది. తెనాలి నుంచి బయలుదేరిన ఆ రెండు దారులూ కృష్ణా కెనాల్ జంక్షన్‌లో కలిసిపోతాయి. కృష్ణ దాటేది ఒకే చోట. అక్కడ రాకపోకలు ఆగితే గుంటూరు దారి ఉన్నా ప్రయోజనం లేదు. రెండు కేబుళ్ళూ ఒకే కార్డుకు తగిలించినా, రెండు స్విచ్‌లకూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చినా ఇదే వరస. తెరమీద మాత్రం "నాలుగు దారులు, అన్నీ భేష్" అనే కనిపిస్తుంది.

కనుక సర్వర్‌ను వాడుకలోకి ఇచ్చే ముందే ఒక స్విచ్‌ను నిజంగా ఆపి చూడాలి. లోపల ఒక పెద్ద ఫైలు కాపీ అవుతుండగా ఆపాలి. కాపీ కాసేపు తడబడి మళ్ళీ సాగితే దాన్ని తిరిగి ఆన్ చేసి, దారులన్నీ వెనక్కి వచ్చాయని చూసుకున్నాకే రెండో స్విచ్‌ను ఆపాలి.