మీకు తెలుసా? నురుగుమీద నాలుగు చేదు చుక్కలు

ద్రాక్షరసమును పులియబెట్టి కాచిన పిస్కో అను సారాకు ఆ పేరు పెరూ దేశపు సముద్రతీరమందలి రేవుపట్టణము వలన వచ్చినది. కెచువా భాషలో ఆ మాటకు పక్షి యని అర్థము. కాచి దించిన సారాలో చుక్క నీరైనను కలుపరాదనియు, కొయ్యపీపాలలో పోయక, రుచిని గాని వాసనను గాని అంటించని పాత్రలలో కనీసము మూడు మాసములు నిలువ యుంచవలెననియు పెరూవారి నియమము. పొరుగున నున్న చిలీవారికి ఇంత పట్టింపు లేదు. పిస్కో తమదే యని వాదించుటలో మాత్రము ఇరువురును సమానులే.

1916లో లిమా నగరమున పానశాల తెరచిన విక్టర్ మోరిస్ అను అమెరికనుడు దీనికి నిమ్మరసమును, చక్కెరను చేర్చి పిస్కో సోర్ అను పానీయమును ప్రచారమునకు తెచ్చెననియు, తరువాత అచ్చట పనిచేసిన మారియో బ్రూయిగెట్ కోడిగ్రుడ్డు తెల్లసొనను, బిట్టర్సు అను సుగంధభరితమైన చేదు ద్రవమును జతపరచెననియు చెప్పుదురు. మంచుముక్కలతో గట్టిగా కుదిపి వడగట్టి పోసినప్పుడు సొన వెన్నవంటి నురుగై పైకి తేలును. దానిమీద గోధుమవన్నె బిట్టర్సు మూడు నాలుగు చుక్కలు రాల్చుదురు. ఇవి అలంకారమునకేనని తలచుట పొరపాటు: పెదవి తగులకముందే ముక్కునకు సోకు ఆ సుగంధము పచ్చిసొన నీచువాసనను కప్పివేయును.

బిట్టర్సులలో ప్రసిద్ధమైన ఆంగొస్తూరా మొదట మందు. దక్షిణ అమెరికా స్వాతంత్ర్యయోధుడు బొలివార్ సైన్యమున వైద్యుడగు జర్మను దేశీయుడు సీగర్ట్ వెనెజులాలోని ఆంగొస్తూరా పట్టణమున 1824లో ఉదరవ్యాధులకై దీనిని సిద్ధపరచెను. దాని సీసాకు చుట్టిన కాగితము నేటికిని సీసాకు మించిన కొలతతో, భుజములు దాటి మెడవైపు నిక్కి నిలిచియుండును.