జరిమానా కడితే చాలా? గచ్చిబౌలి జట్టు చెప్పే లెక్క

ఖర్చు నిబంధనలు దాటిన ఫుట్‌బాల్ క్లబ్‌కు కోట్లలో జరిమానా అని వార్త వస్తే, పెద్ద శిక్షే పడిందనుకుంటాం. ఒకసారి హైటెక్ సిటీ రోడ్ల మీద చలాన్ సంగతి చూడండి. బైక్‌పై డెలివరీలు చేసే కుర్రాడికి వెయ్యి రూపాయలంటే రోజు కష్టం. కోటి రూపాయల కారున్న సాబ్‌కు అది పార్కింగ్ ఫీజు.

పెద్ద క్లబ్బులదీ అంతే. షేక్ మన్సూర్ క్లబ్ మాంచెస్టర్ సిటీకి 2014లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా 6 కోట్ల యూరోల జరిమానా వేసింది. అందులో 4 కోట్లు షరతుల మీద ఆపారు. మరుసటి ఏడాదే ఆ క్లబ్ భారీ ధర పెట్టి డి బ్రూయ్నెను కొనేసింది. 2023లో ఎవర్టన్‌కు మాత్రం ప్రీమియర్ లీగ్‌లో ఏకంగా 10 పాయింట్లు కోశారు. అప్పీలులో 6కు తగ్గించారు గానీ, కింది లీగ్‌కు పడిపోతామన్న భయం పట్టుకుంది. పాయింట్లు డబ్బుకు దొరకవు కదా!

గచ్చిబౌలిలో కథ ఉల్టా. బాలయోగి స్టేడియంలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. 2023 నాటికి ఆటగాళ్ల జీతాలు బకాయి. అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో జీతాలపై గరిష్ఠ పరిమితి ఉండేది. ఒప్పుకున్న జీతమైనా చేతికి అందుతోందా అన్నది వేరే మాట. బకాయిల మీద ఫిఫా కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. ఉన్నవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు, ఆఖరి స్థానం. చివరికి 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది.

ఇలాంటి క్లబ్‌కు జరిమానా వేస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆటగాడికి రావాల్సిన జీతంలోంచే.