ఆంగ్లమునకుఁ బుట్టిన యాసలు

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు పెద్దబాట మా గుండుగొలను మీఁదుగాఁ బోవుచున్నది. ఆ బాటప్రక్క మోటారుబండ్లకుఁ జమురు పోయు చోటును మేము పెట్రోలు బంకు అందుము. ఢిల్లీవారు దానినే పెట్రోలు పంపు అందురు. అమెరికాలో నది గ్యాసు స్టేషను. మనకు గ్యాసన్నచో వంటయింటి బండయే తోఁచును! కారు వెనుక సామాను పెట్టు అర మనకు డిక్కీ, ఇంగ్లండులో బూటు, అమెరికాలో ట్రంకు. మన వీధిలో బూటు కాలికిఁ దొడుగునది. ట్రంకు బట్టలు దాఁచుకొను పెట్టె. అన్నియు నాంగ్లపదములే, తప్పు వీనిలో నొక్కటియు లేదు.

పలుకుబడి విషయ మింతకంటె రసవత్తరము. తెనుఁగు అజంతభాష. అందుచేత హల్లుతో ముగియు ఆంగ్లపదమునకు మనము ఉకారమును జేర్తుము. హ్రస్వముపైనున్న హల్లు ద్విత్వమగును: బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘముపైనున్నది ఒంటిగా నిలుచును: కారు, గేటు, స్కూలు. రోడ్డు మాత్ర మీ కట్టుబాటునకు లోఁబడలేదు. వాడుక సూత్రమునకు దాసి కాదు గదా. అక్షరజ్ఞానము లేని బండివాఁడు సైత మీ నియమమును జాలవఱకుఁ బాటించును. ఎకారముతో మొదలగు మాటకు ముందు యకారము వచ్చి చేరును, ఎమ్.ఏ. మన నోట యెమ్మే యగును. యడాగమమును జదివినవారి కిది వింత కాదు.

ఇతరులకును దమతమ మాతృభాషలే శాసకములు. పంజాబువాఁడు సకూల్ అనును. కాశీప్రాంతమువాఁడు ఇస్కూల్ అనును. వంగీయుని నోట వకారము తఱచు భకారమునకుఁ జేరువగును.

ఇంగ్లండుననే ఏకరూపత లేదు. లండను సామాన్యజనులలోఁ బలువురు పదాది హకారమును విడుతురు. దక్షిణ ఇంగ్లండువారు కారును ‘కా’ అని ముగింతురు. స్కాట్లండు, ఐర్లండువారును, అమెరికనులలోఁ బెక్కురును రేఫమును నిలుపుదురు. ఈ వివాదమున మనము స్కాట్లండు పక్షము.

ఇంత వైవిధ్యముండఁగా నవ్వులపా లగువాఁడు మన పల్లెటూరి పిల్లవాఁడే. నా శిష్యుఁడొకఁడు పట్టభద్రుఁడై నగరమున నొక సంస్థలో నుద్యోగమునకై పోయెను. అతఁడు ‘యెమ్మే’ అనఁగానే ప్రశ్నించువారు నవ్విరఁట. విషయ మంతయుఁ దెలిసియు నతఁడు ఆపై నోరు మెదపలేదు.

యాస వేఱు, అస్పష్టత వేఱు. నాకుఁ దోఁచినంతలో మనవారు దిద్దుకొనవలసినది ఊనిక. ఆంగ్లమున ఫోటోగ్రాఫ్ అను మాటలో మొదటి యక్షరముపైఁ బలము పడును. ఫోటోగ్రఫీలో నది రెండవదానిపైకి జరుగును. మనము అక్షరములన్నిటిని సరిసమానముగాఁ బలుకుదుము. విను విదేశీయుఁడు తికమకపడును. అట్టి మాటలు నలువదింటిని వ్రాసి యా శిష్యునకిచ్చి, దినమునకుఁ బదేసి చొప్పున బిగ్గఱగాఁ జదువుమంటిని. కారులోని రేఫమును మాత్రము విడువవలదంటిని.