శాస్త్రవ్యాసములందలి ఆధారసూచన

కోలాచల మల్లినాథసూరి మూలము లేనిదానిని వ్రాయనని ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యలకుఁ బూనుకొనెను. ఆయన వ్యాఖ్యలలో నడుగడుగునను "ఇత్యమరః", "ఇతి విశ్వః" అను నిర్దేశములు కానవచ్చును. అచ్చటఁ గాండముగాని వర్గముగాని శ్లోకసంఖ్యగాని చెప్పఁబడి యుండదు. చెప్పవలసిన పనియు లేకుండెను. అమరము నోటికి రాని విద్యార్థి యా వ్యాఖ్యను ముట్టఁడు. నేఁటి ప్రకృతిశాస్త్రవ్యాసకర్త కట్టి సౌకర్యము లేదు. అతఁ డాధారముగాఁ గొనిన వ్యాసములు వేలకొలఁది పత్రికాసంపుటములలోఁ జెదరి యున్నవి. వానిని గంఠస్థము చేసినవాఁ డెవ్వఁడును లేఁడు. కావున నామమాత్రము చాలక స్థలమును గూడఁ జూపవలసి వచ్చుచున్నది. ఈ నియమములను మొదట నెవ్వరును దెలుపకుండుటచేఁ బరిశోధనకుఁ గ్రొత్తగాఁ బూనుకొనువారు పెక్కుమంది వీనిని సంపాదకుల చాదస్తముగా నెంచుచున్నారు.

ఒక యుదాహరణమును గైకొందము. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేగారితోఁ గూడి, భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును 1925వ సంవత్సరమునఁ బ్రకటించిరి. దాని సూచన యిట్లుండును: ఫిస్కే సి.హెచ్., సుబ్బరో వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ. 1925, 66: 375–400. ఇందు మొదట కర్తలు, పిదప వ్యాసనామము, పత్రికానామము, వత్సరము, సంపుటము, పుటలు.

పత్రికపేరు, సంపుటము, పుట యున్నఁ జాలదా, తక్కినవి యేల యని యడుగవచ్చును. అచ్చుతప్పు పడనంతవఱకుఁ జాలును. 66 అను సంఖ్య 56గా మాఱినచో వత్సరము దానిని బట్టియిచ్చును. వత్సరమును దప్పైనచోఁ గర్తృనామమును శీర్షికయు త్రోవ చూపును. ఈ యంగములు ఒకదానికొకటి సాక్షులు. కొందఱు సంపాదకులు స్థలము కలిసివచ్చునని శీర్షికను విడిచిపెట్టుదురు. అది మంచి పొదుపని నాకుఁ దోఁపదు.

ఈ సూచనను వ్యాసమధ్యమునఁ దగిలించుటలో రెండు ప్రధానసంప్రదాయములు గలవు. వాక్యాంతమునఁ గర్తృనామమును వత్సరమును గుండలీకరణములలో నుంచి, కడపటి పట్టికను అకారాదిగాఁ గూర్చుట యొకటి. దీనికి మూలపురుషుఁడుగాఁ జెప్పఁబడువాఁడు హార్వర్డు జంతుశాస్త్రజ్ఞుఁడగు మార్కు. ఆయన 1881వ సంవత్సరమునఁ జిప్పలేని నత్తల యండవికాసమునుగూర్చి వ్రాసిన వ్యాసమున నీ పద్ధతి కానవచ్చుచున్నది. వాక్యమునఁ గేవలము సంఖ్యను వేసి, పట్టికను సంఖ్యాక్రమమునఁ గూర్చుట రెండవది. 1978వ సంవత్సరమునఁ గెనడాలోని వాంకూవరు పట్టణమున వైద్యపత్రికాసంపాదకులు కొందఱు సమావేశమై ఏర్పఱచిన నియమములలో నిది చేరియుండుటచే దీనికిఁ దఱచుగా నా యూరిపేరే వాడుక యైనది. సంఖ్యాపద్ధతి పుటను దేలిక పఱచును. కాని చదువరి "17" అను నంకెను జూచి యేమియు నెఱుఁగఁడు. "ఫిస్కే, సుబ్బరో, 1925" అని చూచినచోఁ, దెలిసినవాఁడు పట్టికకుఁ బోకయే తల యూఁచును. నడుమ నొక యాధారమును జేర్చినచో సంఖ్యలన్నియు మాఱుట పూర్వము పెద్దబాధ. నేఁడు గణకయంత్రము దానిని దిద్దుచున్నది. ఏ పద్ధతియైనను వ్యాసమును బంపఁబోవు పత్రికయొక్క నిబంధనపత్రమును ముందుగాఁ జదివి, దాని ననుసరించుటయే కర్తవ్యము.

మనవారికిఁ బ్రత్యేకముగా వచ్చు చిక్కు పేర్లలో నున్నది. పాశ్చాత్యులకు వంశనామము తుదిని, మనకు ఇంటిపేరు మొదట. వారి పట్టికలు తుదిమాటను వంశనామముగాఁ గైకొని, మిగిలినవానిని పొడియక్షరములుగాఁ గుదించును. కావుననే యెల్లాప్రగడ యను నింటిపేరు "వై" అను నొక్క యక్షరమైపోయినది. "సుబ్బరో" అను నేకపదమును రెండుగా విఱిచినచో సకారమున నుండవలసిన పేరు రకారమునకుఁ దొలఁగును. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారి విషయమున నిది మఱింత స్పష్టము. సంఖ్యాశాస్త్రమున సుప్రసిద్ధమైన వారి 1945 నాఁటి వ్యాసము "రావు సి.ఆర్." అను పేరనే యుదాహరింపఁబడుచున్నది. వంశమును దెలుపు కల్యంపూడి యక్షరమాత్రమై, వేలమందికి సామాన్యమైన "రావు" శిరస్సుననెక్కినది. రాఁగల రచయితలు తమ పేరును మొదటి వ్యాసముననే యొకరీతిగా నిశ్చయించుకొని, దానిని మార్పక వాడుట మేలు.

ఆ 1945 వ్యాసమునకే మఱియొక విశేషము గలదు. అది కలకత్తా గణితసంఘపత్రిక 37వ సంపుటమునఁ బ్రకటితము. దాని పుటలను గొందఱు 81–89 అనియు, గొందఱు 81–91 అనియు వ్రాయుచున్నారు. సంపుటమును దెఱచి చూచువానికి సందేహము క్షణమైన నిలువదు. కాని యొకరి పట్టికనుండి యొకరు దించుకొనుచుండుటచే రెండు పాఠములును జీవించుచున్నవి.

ఇట్టి దింపుడును గొలిచి చూచినవారును గలరు. సిమ్కిన్, రాయ్‌చౌధురి యను నిరువురు 2003వ సంవత్సరమునఁ బ్రకటించిన వ్యాసమున, ప్రసిద్ధమైన యొక భౌతికశాస్త్రవ్యాసమునకుఁ గల సుమారు 4,300 సూచనలను బరిశీలించిరి. వానిలో 196 తప్పులతోఁ గూడియుండెను. అయినను వేర్వేఱు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పుటసంఖ్య 78 చోట్ల నుండెను. డెబ్బదియెనమండుగురు స్వతంత్రముగా నొకే విధమునఁ బొరఁబడుట యసంభవము. తాళపత్రప్రతులను బోల్చి గ్రంథములను బరిష్కరించు పండితులకీ న్యాయము క్రొత్త గాదు: రెండు ప్రతులలో నొకే లేఖకదోషమున్నచో నవి యొకే మాతృకకుఁ జెందినవి, లేదా యొకటి రెండవదానికి మాతృక. సూచించువారిలో నైదింట నొకవంతు మాత్రమే మూలమును జదివి యుందురని వారి యూహ. మూలమును జదివియు సూచనను మాత్ర మన్యులనుండి దించువారు నుందురు గనుక, ఆ లెక్క కొంత కఠినమని నా యభిప్రాయము. నేనును దానికి వెలిగాను. ఒకమాఱు పరుల పట్టికనుండి పుటసంఖ్యను దించి వ్యాసమును బంపఁగా, పరీక్షకుఁడు సంపుటమును జూచి, ఆ పుటలో వేఱొక విషయమున్నదని తిరుగఁ బంపెను. చదివితినని చెప్పుకొనుటకు నాకు నోరు లేకపోయెను.

నేఁడు ప్రతివ్యాసమునకును బదియను నంకెతోఁ బ్రారంభించు స్థిరసంకేతమొకటి యీయఁబడుచున్నది. ఇది 2000వ సంవత్సరమునుండి శాస్త్రపత్రికలలో వ్యాపించినది. ప్రకాశకులు తమ స్థావరమును మార్చినను, క్రొత్తస్థానమును నమోదు చేసినచో సంకేతము మాఱక వ్యాసమును జూపును. అయినను అందొక యక్షరము తప్పినఁ జదువరిని వేఱొకచోటికిఁ గొనిపోవును, లేదా యెచ్చటికిని గొనిపోదు. అప్పుడు కర్త, శీర్షిక, వత్సరములే శరణ్యము. ఇటీవల మాటలల్లు కృత్రిమబుద్ధియంత్రములు వచ్చి, లేని వ్యాసములకుఁ గర్తను, బత్రికను, బుటలను, సంకేతమును గూడఁ గల్పించి, నమ్మించునట్లు వ్రాయుచున్నవి. వీని రూపమున దోష మేమియు నుండదు. చుక్కలు, కామాలు చక్కగా నుండును. వ్యాసము మాత్రమే యుండదు. అందుచేతఁ బత్రికాకార్యాలయములందు నిపుడు పట్టికలోని ప్రతిసంకేతమును దెఱచి చూచు పని యొకటి పెరిగినది.