జన్యువులు ఒకటే అయినా కణాలు ఒకేలా ఎందుకు ఉండవు?

ఒక బాక్టీరియా చీలి రెండైంది. జన్యువులు అవే, పెరిగే గిన్నె అదే, తిండీ అదే. అయినా ఫలానా ప్రోటీన్ ఒకదానిలో దండిగా, పక్కదానిలో అంతంతమాత్రంగా ఎందుకుంటుందని అడిగావు. సబబైన ప్రశ్నేనమ్మా.

మీ ఇంట్లో జీడిపప్పు ఉప్మా వడ్డించడం గుర్తు తెచ్చుకో. రవ్వ అందరికీ ఇంచుమించు సమానంగానే పడుతుంది. పలుకులు వేలల్లో ఉంటాయి కనుక నాలుగు అటూ ఇటూ అయినా తెలియదు. జీడిపప్పులు మాత్రం బాణలి మొత్తానికి పది. నీ ప్లేట్లో మూడు పడతాయి, తమ్ముడికి ఒక్కటీ రాదు. అమ్మ పక్షపాతమేమీ లేదు (వాడు ఒప్పుకోడనుకో). లెక్క తక్కువైన చోట అదృష్టం పాలు ఎక్కువ.

కణంలో జన్యువులూ ఆ జీడిపప్పుల్లాంటివే. ఒక్కోదానికి ఒకటి రెండు, మహా అయితే మరికొన్ని ప్రతులు. జన్యువును చదివే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. అది పిలిస్తే వచ్చేది కాదు. నీటి అణువుల తోపులాటలో కొట్టుకుంటూ తిరుగుతుంది, తగలాల్సిన చోట తగిలితేనే పని మొదలు. ఇప్పుడే తగలొచ్చు, ఐదు నిమిషాలకు తగలొచ్చు. తగిలితే ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ఆ జన్యువు నకలు, తయారవుతుంది. బాక్టీరియాలో నకలు ఆయుష్షు కొన్ని నిమిషాలే. ఆలోపే ఒక్కో నకలు నుంచి ప్రోటీన్లు వరసగా వచ్చిపడతాయి. మొదట ఒక్క నకలు తేడా, చివరికి ఎన్నో ప్రోటీన్ల తేడా.

“ఒకదానికి తిండి ఎక్కువ దొరికిందేమో?” అనొచ్చు. ఆ అనుమానం తీర్చడానికి మైకేల్ ఎలోవిట్జ్ బృందం 2002లో చక్కని ఉపాయం చేసింది. ప్రతి ఈ.కోలై బాక్టీరియా కణంలోనూ మెరిసే ప్రోటీన్ల జన్యువులు రెండు పెట్టి, రెంటికీ ఒకే రకం స్విచ్ (ప్రమోటర్) తగిలించారు. ఫొటోల్లో ఒకదాన్ని ఎరుపుగా, రెండోదాన్ని ఆకుపచ్చగా చూపించారు. తేడాకు తిండే కారణమైతే రెండూ కలిసే పెరగాలి, కలిసే తగ్గాలి, ఎరుపూ ఆకుపచ్చా సమానంగా కలిసి ప్రతి కణమూ పసుపుగానే ఉండాలి. కానీ పసుపువాటి మధ్య ఎర్రనివీ ఆకుపచ్చవీ కనిపించాయి. ఒకే కణంలో, ఒకే తిండితో, ఒకే స్విచ్‌తో ఉన్న రెండు జన్యువులు చెరో దారి పట్టాయన్నమాట.

ఆ స్విచ్‌ను అదిమిపెట్టి ప్రోటీన్ల తయారీ తగ్గించినప్పుడు రంగుల తేడా ఇంకా పెరిగింది. బాణలిలో జీడిపప్పులు పది పోయి నాలుగే ఉంటే ఏమవుతుందో మీ తమ్ముణ్ణి అడుగు, చెబుతాడు.