దేవమాలి మీద మంచు ఎందుకు లేదు?



సోషల్ పుస్తకంలో 'గ్లేసియర్' అనే మాట వస్తుంది. తెలుగులో హిమానీనదం. పిల్లలు నిర్వచనం బట్టీ పడతారు, బొమ్మ గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఎప్పుడూ చూడని మంచు కొండ గురించి అంతకంటే ఏం చెప్పగలరు అనుకుంటాం. కానీ కొండల పక్కనే పెరిగిన సాలూరు పిల్లలకు ఈ పాఠం అర్థం కావడానికి కావలసినదంతా కళ్ల ముందే ఉంది.

సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్లినవాళ్లకు దేవమాలి కొండ తెలుసు. ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. ఇప్పుడు మ్యాపులో పైకి, ఉత్తర ధ్రువం వైపు వెళ్దాం. నార్వే దేశానికి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం న్యూటన్‌టోపెన్. దాని ఎత్తు సుమారు 1,700 మీటర్లు. అంటే రెండూ దాదాపు ఒకే ఎత్తు. దేవమాలి మీద గడ్డి, చెట్లు, శీతాకాలంలో పొగమంచు. అక్కడ మాత్రం ఏడాది పొడవునా మంచు. స్వాల్‌బార్డ్ నేలలో సగానికి పైగా హిమానీనదాల కిందే ఉంది.

ఎత్తు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? సూర్యకిరణాలు పడే తీరులో ఉంది. మనం భూమధ్యరేఖకు సుమారు 18 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. ఎండ దాదాపు నడినెత్తిన పడుతుంది. స్వాల్‌బార్డ్ 78, 79 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ వేసవిలో సుమారు నాలుగు నెలలు సూర్యుడు అస్తమించడు. అయినా కిరణాలు ఏటవాలుగా పడి చెదిరిపోతాయి, తెల్లటి మంచు చాలా వెలుగును వెనక్కి పంపేస్తుంది. చలికాలంలో పడిన మంచు వేసవిలో పూర్తిగా కరగదు. దాని మీద మరుసటి ఏడాది మంచు పడుతుంది. ఇలా వందల ఏళ్లు పేరుకుని, కింది పొరలు నలిగి గట్టి మంచుగడ్డగా మారతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతుంది. అదే హిమానీనదం.

జారుతూ అది ఊరుకోదు. అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండను ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే అక్కడి లోయలు ఇంగ్లీషు 'యూ' అక్షరంలా, అడుగు వెడల్పుగా ఉంటాయి. సముద్రం లోపలికి వచ్చిన అలాంటి లోయలే ఫియర్డ్‌లు. నాలుగు వైపుల నుంచీ మంచు తొలిచేస్తే కొండ కొన మొనదేలుతుంది. 1596లో ఆ దీవిని చూసిన డచ్ నావికుడు బారెంట్స్ దానికి స్పిట్స్‌బెర్గెన్ అని పేరు పెట్టాడు. అంటే 'మొనదేలిన కొండలు'.

మన కొండల్ని చెక్కింది వాన, వాగు. వేగావతిలాంటి ఏర్లు పుట్టే చోట చూడండి, లోయలు 'వీ' అక్షరంలా ఇరుకుగా ఉంటాయి. ఎండకూ వానకూ రాయి కుళ్లి ఎర్రమట్టి అవుతుంది, కొండ తలలు గుండ్రబడతాయి. ఈ రాయిని ఖోండలైట్ అంటారు. మన కొండల్లో ఉండే కోందు గిరిజనుల పేరే శాస్త్రవేత్తలు దానికి పెట్టారు. మీ పిల్లలకు ఈ విషయం తప్పకుండా చెప్పండి.

ఇంకో ఆశ్చర్యం ఉంది. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర బొగ్గు పొరల కింద, మెత్తని మట్టిపొరలో పెద్ద పెద్ద బండరాళ్లు కలిసిపోయి కనిపించాయి. వాటిని మంచే మోసుకొచ్చి ఉంటుందని 1856లోనే భూగర్భ శాస్త్రవేత్తలు రాశారు. గోదావరి లోయలోనూ ఇలాంటి పొర ఉంది. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, అంటార్కిటికాతో కలిసి ఉండేది. మరోవైపు మంచు దేశమైన స్వాల్‌బార్డ్‌లో వందేళ్లకు పైగా బొగ్గు తవ్వారు. బొగ్గు ఉందంటే ఒకప్పుడు అక్కడ అడవి ఉందన్నమాట!

ఆ దీవుల్లోనే 2008లో మన దేశం 'హిమాద్రి' పరిశోధనా కేంద్రం ప్రారంభించింది. ఆర్కిటిక్ ఇప్పుడు ప్రపంచ సగటు కంటే చాలా వేగంగా వేడెక్కుతోంది, హిమానీనదాలు కుంచించుకుపోతున్నాయి. అక్కడి మార్పులకూ మన రుతుపవనాలకూ ఉన్న సంబంధాన్ని మన శాస్త్రవేత్తలు అధ్యయనం చేస్తున్నారు. వాన మీద ఆధారపడే మన ప్రాంతానికి అది దూరపు సంగతి కాదు.

ఇంట్లో చేసి చూడండి:

1. గ్లాసులో నీళ్లు, ఇసుక, చిన్న రాళ్లు వేసి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించండి. రాళ్లున్న వైపుతో సబ్బు మీద నొక్కి తోయమనండి. గీతలు, గాడి పడతాయి. హిమానీనదం చేసే పని అదే.

2. చీకటి గదిలో టార్చిని గోడకు ఎదురుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేయమనండి. ఏ వెలుగు పలచబడిందో పిల్లలే చెబుతారు.

తర్వాత 'ఈ కొండను ఎవరు చెక్కారు?' అని అడగండి. జవాబు ముందు ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. తెలుగు కావచ్చు, కువి కావచ్చు, సవర కావచ్చు. అలా చెప్పగలిగిన బిడ్డకు ఇంగ్లీషులో రాయడం మేం నేర్పుతాం. అర్థం కాకుండా రాసిన ఐదు మార్కుల జవాబు పరీక్ష హాలు దాటి రాదు.